అరిగిన కళ్లెం

నర్సంపేట బస్సు కోసం వరంగల్ బస్టాండులో కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన ఒళ్లో గోనెపట్టా పరుచుకుని, గుర్రం నోట్లో ఉండే కళ్లెం కమ్మీని ఆకురాయితో రాస్తున్నాడు. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండుకు ఆడే గుర్రానిదట.

"నాలుకకు గీసుకోకుండ నున్నగ చేస్తున్నవా కాకా?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "నున్నగైందనే గద బిడ్డా రిపేరుకిచ్చిండ్రు! కమ్మీ మీద గాట్లన్ని అరిగిపోయినయి. గుర్రం ఆడుతలేదు."

"దానికి నొయ్యదా?"

ఆయన నా చెయ్యి అందుకుని, అరచేతిలో ఆ కమ్మీ పెట్టి, వేళ్లు మూసి, తన రెండు చేతులతో గట్టిగా నొక్కాడు. నేను కెవ్వుమని లేచి నిలబడ్డాను.

"సూడుండ్రి, బ్యాండు లేకుండనే ఎట్ల ఎగిరిండో!" అన్నాడు చుట్టూ ఉన్నవాళ్లతో. అందరూ నవ్వారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ముసలాయన కమ్మీని గోనెపట్టాకు తుడుచుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

చేతి మీద గాట్లు తొందరగానే మానాయి.

మా ముందుగదిలో నా పెళ్లి ఫొటో ఉంది. తలపాగాతో గుర్రం మీద నేను. తల పైకెత్తి, నోరంతా తెరిచి గుర్రం. అది నవ్వుతోందని మా పాప ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తుంది. అవునా నాన్నా అని నన్నడుగుతుంది.

అవునంటాను.