తాతయ్య డిక్షనరీ రెండో భాగం

నా చిన్నప్పుడు మా గల్లీలో ఇంగ్లీషు భాష మొత్తం ఒక్క ఇంట్లోనే ఉండేది. అది మా ఇల్లు. యాకుత్‌పురా స్టేషను వెనకాల మా ఇంట్లో, పూజ గది పక్క గూట్లో, ఎర్ర గుడ్డలో చుట్టి మా తాతయ్య దాచుకున్న డిక్షనరీ అది. ఎత్తాలంటే నాకు రెండు చేతులూ చాలేవి కావు. తాతయ్య కచేరీలో నకళ్లు రాసే గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. అందుకని ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా గల్లీ జనం ముందు మా గడపే తొక్కేవారు.

దానికో పద్ధతి ఉండేది. తాతయ్య కాళ్లూ చేతులూ కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. కాసేపటికి బయటికి వచ్చి అర్థం చెప్పేవాడు. కొన్ని మాటలకు మాత్రం, "ఇది జర చూడాలె. రేపు రా" అనేవాడు. గ్యారంటీ, అలర్జీ లాంటివి అప్పటికప్పుడే తేలిపోయేవి. టైఫాయిడు, నామినీ లాంటివి తెల్లారితే గానీ తేలేవి కావు. పెద్ద మాటలకు ఎక్కువ సమయం పడుతుంది కాబోలని అందరం అనుకునేవాళ్లం. నామినీ ఏమంత పెద్ద మాట కాదు కదా అని ఎవరికీ తోచలేదు.

ఆ పుస్తకాన్ని చూసుకుని నాకు కళ్లు నెత్తికెక్కాయి. దసరా సెలవుల ముందు మా ఇంగ్లీషు టీచరమ్మ, సెలవులయ్యాక ఒక్కొక్కరూ ఒక్కో మాటకు ఉన్న అర్థాలన్నీ చెప్పాలంది. నేను లేచి, పట్నంలోకెల్లా లావు డిక్షనరీ మా తాతయ్య దగ్గరే ఉందన్నాను. ఎవరూ అడగలేదు, అయినా అన్నాను. టీచరమ్మ నవ్వి, "అయితే నువ్వు మ్యాచ్ అనే మాట చెప్పు. మస్తు అర్థాలున్నయి దానికి. ఎక్కడ పుట్టిందో గూడ చెప్పాలె. మీ తాతయ్య పరువు నీ చేతుల ఉన్నది" అంది. క్లాసంతా నవ్వింది.

ఐదు నిమిషాల పనేనని సెలవుల్లో సగం ఆడుకున్నాను. తీరా అడిగితే తాతయ్య, "రేపు చూద్దాం బిడ్డా" అన్నాడు. మర్నాడు అడిగితే మళ్లీ రేపన్నాడు. ఆ ఏడాది ఆయనకు మోకాలు వాచి, గడప దాటడమే కష్టంగా ఉండేది. డిక్షనరీ చూడ్డానికి మోకాలితో ఏం పనో నాకు అర్థం కాలేదు. అంతలో మూలా నక్షత్రం వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పుస్తకాలన్నీ సరస్వతి పూజలో పెట్టేవారు. దసరా నాడు పూజ ఎత్తేదాకా వాటిని తెరవకూడదు, చదవకూడదు. పిల్లలకు ఇంతకన్నా మంచి ఆచారం ఇంకోటి లేదు గానీ, ఆసారి మాత్రం నా గుండెలో రాయి పడింది. దసరా మర్నాడే బడి. తాతయ్య అందరికంటే ముందు తన డిక్షనరీ తెచ్చి అమ్మవారి ముందు పెట్టేశాడు. ఆయన ముఖంలో అంత నిశ్చింత నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

నవమి నాడు మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నారు. పులిహోర తిన్న చేయి సరిగ్గా కడుక్కోకుండానే పూజ గదిలోకి దూరాను. రెండుసార్లు లెంపలేసుకుని ఎర్ర గుడ్డ విప్పాను. ఏ, బీ, సీ దాటుకుంటూ వెళ్లాను. ఎల్ వచ్చింది. ఎల్ అయిపోగానే అట్ట వచ్చింది. ఎం లేదు. ఆ తర్వాతవీ లేవు.

నాకు సంగతి వెంటనే అర్థమైపోయింది. పూజలో ఉన్న పుస్తకాన్ని ఎంగిలి చేత్తో ముట్టుకున్నానని సరస్వతీదేవికి కోపం వచ్చి, సగం అక్షరాలు తీసుకుని వెళ్లిపోయింది. పరుగెత్తి గోడ మీది క్యాలెండరు చూశాను. మండే ఉంది. వెడ్నెస్‌డే కూడా ఉంది. అంటే లోకానికేం కాలేదు, పోయినవి మా ఇంటి అక్షరాలే. కొంచెం ఊపిరి వచ్చింది గానీ, రేపు ఎవరైనా కాగితం పట్టుకొస్తే తాతయ్య ఏం చెబుతాడు? ఇన్నేళ్ల ఆయన పరువును నేను పులిహోర చేత్తో తుడిచేశాను.

సాయంత్రం అమ్మ భక్షాలు పెడితే వద్దన్నాను. నేను భక్షాలు వద్దన్నానంటే జ్వరమేనని అమ్మ నా నుదురు పట్టి చూసింది. తాతయ్య మాత్రం నన్ను తన మంచం దగ్గరకు పిలిచి ఏమైందని అడిగాడు. అంతే, నా ఏడుపు ఆగలేదు. "పుస్తకం ముట్టుకున్న తాతా. ఎం కాడి నుంచి అన్నీ పోయినయి" అన్నాను.

తాతయ్య తలుపు వైపు చూశాడు. ఊరుకుంటే ఆయన గుట్టు నిలిచేది. తప్పు దేవత ముందు నేను చేసినట్టే ఉండిపోయేది, నేను జన్మంతా నమ్మేదాన్ని. ఆయన కుంటుకుంటూ లేచి, తలుపు గొళ్లెం పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"పోలేదు బిడ్డా. అవి ఎన్నడూ లేకుండె."

గురువారాల్లో పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో కొన్నాడట ఆ పుస్తకం. రెండో భాగం వచ్చే వారం తెస్తానని అమ్మినవాడు మాట ఇచ్చాడట. ఆ వారం రానేలేదు. తాతయ్య ప్రతి గురువారం తెల్ల చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్తాడో నాకు అప్పుడు తెలిసింది.

"మరి టైఫాయిడు ఎట్ల చెప్పినవ్?" అన్నాను.

"దవాఖాన కంపౌండరును అడిగిన."

"నామినీ?"

"పోస్టాఫీసుల అడిగిన."

"రిఫ్రిజిరేటరు?"

"గదైతే మస్తు కష్టమైంది. ఆబిడ్స్ దాంక పోయిన."

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. ఎవరికీ చెప్పొద్దని తన చేతిలో చేయి వేయించుకున్నాడు. అరవై దాటిన మనిషి తొమ్మిదేళ్ల పిల్ల దగ్గర ఒట్టు తీసుకుంటుంటే నాకు ఎక్కడలేని పెద్దరికం వచ్చింది. మోకాలు వాచినందుకే నా మ్యాచ్ మాట ఆగిపోయిందని కూడా అప్పుడే తెలిసింది.

దసరా నాడు జమ్మి ఆకు ఇంటికి రాగానే తాతయ్య చేతికర్ర తీసుకున్నాడు. "చెప్పులేసుకో" అన్నాడు నాతో. ఇంట్లో వాళ్లు దోస్తులకు జమ్మి ఇచ్చిరావడానికి అనుకున్నారు. ఇచ్చాం కూడా. ఒక్కొక్కరి చేతిలో ఆకు పెట్టి, పనిలో పనిగా మాట అడిగాం.

కిరాణా సేటు అగ్గిపెట్టె చూపించి, ఇంతకు మించి ఏమీ లేదన్నాడు. లాడ్‌బజార్‌లో గాజులాయన చీర అంచు పక్కన గాజులు పేర్చి, "రంగు రంగుకు జోడీ కుదరాలె. గదే మ్యాచ్. అగ్గిపెట్టెకు ఏం తెలుసు?" అన్నాడు. కుస్తీలు నేర్పే తాలీంఖానాలో పహిల్వాన్ మీసం తడిమి, తనకు మ్యాచ్ లేడంటే సాటి లేడని అర్థమనీ, డిక్షనరీలో తన పేరుతో సహా రాసుకోవచ్చనీ చెప్పాడు. మైదానంలో క్రికెట్ ఆడేవాళ్లకు మాట్లాడే తీరిక లేదు, ఆటనే చూపించారు. సంబంధాలు కుదిర్చే పంతులు నన్ను చూడగానే సంచీలోంచి పుస్తకం తీసి, "మంచి మ్యాచ్ ఉన్నది, పిల్లకెన్నేండ్లు?" అన్నాడు. తాతయ్య కర్ర ఎత్తాల్సి వచ్చింది.

చివరికి తాతయ్య పాత దోస్తు, గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గర కూలబడ్డాం. మోకాలి నొప్పికి తాతయ్య పళ్లు బిగబట్టి ఉన్నాడు. ఆ పెద్దాయన చాయ్ తెప్పించి నెమ్మదిగా చెప్పాడు. "మా అబ్బా ఫౌజుల ఫిరంగి తోపులు కాల్చే పని చేసిండు. తోపును ముట్టించే తాడు ఉండె, దీపం వత్తి లెక్క సన్నగ కాలుతుండె. దొరలు దాన్నే మ్యాచ్ అంటుండిరి. ఈ పుల్లలు దాని ఎన్క వచ్చినయి."

మర్నాడు బడిలో ఒక్క గుక్కలో అన్నీ చెప్పేశాను. టీచరమ్మ తన పుస్తకం తిరగేసింది. నిజమే, అగ్గిపుల్ల మ్యాచ్ పాత ఫ్రెంచి భాషలో దీపం వత్తి అనే మాట నుంచి వచ్చిందట. జోడీ, సాటి అనే మ్యాచ్ వేరే మాటట, పాత ఇంగ్లీషులో తోటివాడని దాని అర్థం. గాజులూ కుస్తీ పెళ్లీ క్రికెట్టూ అన్నీ దాని పిల్లలే. చూడ్డానికి ఒక్కటే గానీ తల్లులు వేరన్నమాట. తోపు తాడు సంగతి మాత్రం ఆవిడ పుస్తకంలో కనపడలేదు. "ఇది ఏ డిక్షనరీల చూసినవ్?" అంది.

"మా తాతయ్యదే మేడం. రెండో భాగం" అన్నాను.

ఇంటికి వచ్చి ఈ మాట చెబితే తాతయ్య మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారికి ఆయన కళ్లు తడిశాయి, నాకూ ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఆయన జుమ్మేరాత్ బజార్‌కు పోవడం మానేశాడు. ఎవరైనా ఎల్ దాటిన మాట తెస్తే, "రేపు రా" అని నా వైపు చూసేవాడు. నేను చెప్పుల కోసం వెతుక్కునేదాన్ని.

ఇప్పుడు పట్నం అంచున జల్‌పల్లిలో ఉంటున్నాం. మొదటి భాగం నా దగ్గరే ఉంది. చివరి పేజీలో పసుపు రంగు వేలిముద్ర ఇంకా పోలేదు. రెండో భాగం నేను కొనలేదు. తెలియని దాన్ని తెలియదనడానికి, తెలిసినవాళ్ల గడప వెతుక్కుంటూ వెళ్లడానికి నాకు ఈ వయసులోనూ సిగ్గు లేదు. అది ఆయన పెట్టిన భిక్షే. మొన్న నా మనవరాలు ఏదో మాట అర్థం కావాలంటే, రేపు చెబుతానన్నాను. అది ఫోన్ ఎత్తి చూపించింది. "రేపెందుకు అమ్మమ్మా? అన్నీ ఇందులనే ఉంటయి."

"ఉంటయిలే. చెప్పులేసుకో" అన్నాను.