మంచు కింద నిప్పున్న కొండ

పోయిన చలికాలమంతా మా అమ్మాయికి ఒక అగ్నిపర్వతం పిచ్చి పట్టుకుంది. పిల్లకి పదకొండేళ్ళు. ఆ వయసులో ఆస్ట్రేలియాలో మా కెల్లీవిల్ పిల్లలకి ఉండాల్సిన పిచ్చి, పేరున్న గవర్నమెంటు హైస్కూల్లో సీటు కోసం రాసే సెలెక్టివ్ స్కూలు పరీక్ష. పిల్లలకి లేకపోయినా తల్లులకి ఉంటుంది, నాకు మరీ ఎక్కువ.

ఆ కొండ హర్డ్ అనే ద్వీపంలో ఉంది. ద్వీపం ఆస్ట్రేలియాదే కానీ, పెర్త్ నుంచి అంటార్కిటికా వైపు సముద్రంలో ఎక్కడో విసిరేసినట్టు ఉంటుంది. ఓడలో వెళ్ళాలంటే సుమారు రెండు వారాలట. మనుషులెవరూ ఉండరు. నాకు తెలిసిన అగ్నిపర్వతం స్కూలు పుస్తకంలో ఎర్రగా నోరు తెరుచుకుని ఉండేది. ఇది అలా కాదు. పైనుంచి కిందదాకా మంచు. హిమానీనదాలు సముద్రం అంచు దాకా దిగి ఉంటాయి. శిఖరం దగ్గర మాత్రం లావా ఉడుకుతూ, మూత పెట్టిన ఇడ్లీ పాత్రలోంచి వచ్చినట్టు సన్నగా ఆవిరి వస్తుంటుంది. ఇవన్నీ మా అమ్మాయి చెబితే తెలిసినవే, అదీ కూర తరుగుతూ సగం సగం విన్నవి.

ఉపగ్రహం తీసిన ఫోటోల కోసం పొద్దున్నే లాప్‌టాప్ తెరిచేది. చాలా రోజులు మబ్బు తప్ప ఏమీ కనపడేది కాదు. అయినా విసుగు లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. "కోచింగ్ హోంవర్క్ అయిందా?" అనేదాన్ని. "ఆల్మోస్ట్ డన్, అమ్మా" అనేది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు, మా ఇంట్లో అది మామూలే.

ఒక శనివారం మధ్యాహ్నం నాలుగు కుటుంబాలని భోజనానికి పిలిచాం. మావాళ్ళు చేరితే బిర్యానీ తర్వాత పిల్లల ప్రదర్శన ఉండి తీరాలి. ఒకళ్ళ అబ్బాయి కీబోర్డు వాయించాడు. ఇంకొకళ్ళ పాప శ్లోకం చెప్పింది. అందరూ మా అమ్మాయి వైపు చూశారు. నిజం చెప్పాలంటే ముందు చూసింది నేనే. వాళ్ళ పిల్లలు అన్నేసి చేస్తుంటే మా పిల్ల సోఫా మూల కూర్చోవడం నాకు నామోషీగా అనిపించింది.

"ఆ వాల్కనో గురించి అంకుల్ వాళ్ళకి చెప్పమ్మా" అన్నాను.

పిల్ల మొహం వెలిగింది. గదిలోకి పరుగెత్తి లాప్‌టాప్ తెచ్చి, అందరికీ కనపడేలా రెండు చేతులతో పట్టుకుంది. నేను ఎన్నిసార్లు బతిమాలినా తెలుగులో మాట్లాడని పిల్ల, ఆంటీలు ఉన్నారని తనంతట తనే తెలుగులో మొదలుపెట్టింది.

"ఇది ఐలాండ్ ఆంటీ. ఇక్కడ ఎవరూ ఉండరు. పెంగ్విన్స్ ఉంటాయి, సీల్స్ ఉంటాయి. కొండ అంతా ఐస్. కానీ లోపల నిప్పు ఉంది. ఎప్పుడూ క్లౌడ్స్ ఉంటాయి, అందుకని..."

అందరూ నిశ్శబ్దంగా వింటున్నారు. ఆ నిశ్శబ్దం చూసి నాకు భయమేసింది. వీళ్ళకి బోరు కొడుతోందేమో, కీబోర్డు ముందు ఇదేం లెక్క అనుకుంటున్నారేమో. పైగా మన పిల్లల్ని మనం పైకెత్తి చూపించుకుంటే దిష్టి అని, నలుగురిలో మనమే ఒక మెట్టు దించి మాట్లాడటం మర్యాద అని పెరిగినదాన్ని. ఆ అలవాటే నోటికొచ్చింది.

"ఇదండీ మా పిల్ల వరస. మనిషి పురుగు లేని కొండ మాత్రం రోజూ కనపడాలి. ఎదురుగా ఉన్న మాథ్స్ బుక్ కనపడదు" అని పకపకా నవ్వాను.

అంతవరకు ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాక నవ్వొచ్చు అనుకున్నారు. ఒకాయన అందుకుని, "అక్కడ బ్లాక్‌లేమైనా అమ్ముతున్నారేంటమ్మా? ఇక్కడ రౌస్ హిల్‌లో ఇళ్ళ స్థలాల రేట్లు మండిపోతున్నాయి" అన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. పిల్ల కూడా కొంచెం నవ్వింది. తర్వాత లాప్‌టాప్ మూసి, చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను ఐస్‌క్రీమ్ గిన్నెలు సర్దే పనిలో పడ్డాను.

అందరూ వెళ్ళాక దాని గదిలోకి వెళ్ళాను. మంచం మీద పడుకుని సీలింగ్ చూస్తోంది.

"అంకుల్ సరదాకి అన్నార్లేమ్మా. అవన్నీ పట్టించుకోకూడదు."

"అంకుల్ ఈజ్ ఫైన్. హీ వాజ్ ఫన్నీ" అంది నా వైపు తిరగకుండా. "నువ్వే ఫస్ట్ నవ్వావు."

దిష్టి గురించి చెప్పబోయాను. మన పిల్లల్ని మనమే పొగుడుకోకూడదని ఏదో మొదలుపెట్టాను. చెబుతుంటే నా మాటలు నాకే అసహ్యంగా వినిపించాయి.

"ఐ డిడ్న్ట్ వాంట్ యూ టు పొగుడు మీ, అమ్మా. జస్ట్ వినాలి. దట్స్ ఆల్."

సారీ అన్నాను. "ఇట్స్ ఓకే" అంది. స్కూల్లో ఎవరైనా తగిలి సారీ చెబితే అనే ఓకే లాంటిది. మర్నాడు కూర తరుగుతూ, "ఇవాళ నీ కొండ ఎలా ఉంది?" అని నేనే అడిగాను. "మబ్బు" అంది. తర్వాత రోజు కూడా అడిగాను. మళ్ళీ అదే మాట. నిజంగా మబ్బేనో కాదో నాకు తెలియదు. వెబ్‌సైటు వెతికి చూడొచ్చు గానీ, దాని మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ మధ్య టూంగాబీలో ఒక ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాం. ఆ రోజు మా ఇంటికొచ్చిన వాళ్ళలో ఒకావిడ మా అమ్మాయిని దగ్గరికి పిలిచింది. మంచి మనిషి, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"ఏంటమ్మా, ఇప్పుడు నీకేమంటే ఇంట్రెస్టు?"

మా అమ్మాయి ఒక్కసారి నా మొహం చూసింది. నేను తనకంటే ముందు ఏమైనా అంటానేమోనని ఆగింది.

"ఏం లేదు ఆంటీ" అంది, చక్కటి తెలుగులో. "కోచింగ్‌కి వెళ్తున్నాను. మాథ్స్ చేస్తున్నాను."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఎంత బుద్ధిమంతురాలైపోయిందండీ, మీ పెంపకం" అంది.

నేను థాంక్స్ అన్నాను.