పళ్ల డాక్టరు ఊడపీకిన బోర్డు

మామిడిపళ్ల కాలంలోనే పంటినొప్పి రావడం నా జాతకం. ఎనభైల్లో ఓసారి నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే బస్సులో, పక్కనున్న పెద్దాయన ఒళ్లో పళ్ల డాక్టరు బోర్డు కనిపించగానే నోరు తెరిచేశాను.

"మూసుకోండి బాబూ, నేనిప్పుడు చూడకూడదు," అన్నాడాయన. "ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో మొదటిసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ మర్చిపోయానండి. కాగితం వచ్చేదాకా కొట్టు మూసేశా."

"అంత అనుభవం ఉంది, మిమ్మల్ని ఎవరడుగుతారండీ?"

"ఎవరూ అడగరు. బోర్డు చూసి నమ్మేసి నోరు తెరుస్తారు. అందుకే పొద్దున్నే ఊడపీకేశా."

నా స్కూటరు లైసెన్సు గడువు తీరి అప్పటికి రెండేళ్లు. అయినా నడుపుతూనే ఉన్నాను. ఆ రోజు నుంచి మాత్రం దాన్ని రెన్యువల్ చేయించేదాకా బస్సుల్లోనే తిరిగాను. పెట్రోలు పొదుపు చేస్తున్నానని మా ఆవిడ మెచ్చుకుంది. కాదనలేకపోయాను.