పీర్ల షర్బత్తు ఒలికిన రోజు

కొన్నేళ్లుగా ఒక మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. అన్నం తినేటప్పుడు వస్తుంది. మా పాపకు స్నానం చేయించేటప్పుడు వస్తుంది. మా జేజి గ్లాసు పట్టుకున్నప్పుడల్లా వస్తుంది. మింగేస్తాను. మింగిన ప్రతిసారీ ఇంకొంచెం బరువెక్కి లోపల కూర్చుంటోంది. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీతో చెప్పడానికి నోరు వస్తోంది. విన్నాక "ఓస్, ఇంతేనా" అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటూ ఇన్నాళ్లు నెట్టుకొచ్చాను.

జేజి అంటే నా భర్తకు నాయనమ్మ. జమ్మలమడుగులో మా అత్తగారింట్లో అందరికంటే పెద్దది. పులివెందుల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాకు మొదట దగ్గరైంది ఆమే. మా అత్త చెడ్డదేం కాదు, నోరు మాత్రం ఊరుకోదు. పాలు పొంగితే "మీ పులివెందుల్లో పొయ్యి కాడ నిలబడరా" అనేది. గిన్నె జారితే "దీనికి చేతులు అరువు తెచ్చినారు" అనేది. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వేదాన్ని. గదిలోకి పోయి ఏడ్చేదాన్ని. జేజి ఒక్కతే నా వెనక వచ్చి, "మీ అత్తకూ కొత్తలో చేతనయ్యింది కాదులేమ్మీ, నేను చూసినా కదా" అని వీపు నిమిరేది.

జేజి చేతులు అప్పటికే కొంచెం వణికేవి. అయినా ఆ ఇంట్లో అన్నాలప్పుడు మజ్జిగ పోసే పని ఆమెదే. ఇంకొకరు గరిటె పట్టుకుంటే ఒప్పుకునేది కాదు. వణుకుతూనే పోసేది, ఒక్కరి కంచమూ తప్పేది కాదు.

ఇంకో ముచ్చట కూడా ఉండేది ఆమెకు. నా ఆడబిడ్డ హిమజ కంపెనీ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేసేది. నడిమింట్లో టేబుల్, దాని మీద కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్. మధ్యాహ్నం మీటింగుల్లో తెర మీద వరసగా ముఖాలు కనబడేవి. జేజి పక్కన స్టూలు వేసుకుని, కెమెరాలో పడకుండా కొంచెం ఎడంగా కూర్చుని వాళ్లందరినీ చూసేది. వాళ్ల మాట ఒక్క ముక్క అర్థం కాదు. కానీ మీటింగు అయిపోగానే ఒక్కొక్కరి సంగతీ చెప్పేది. ఈ పిల్లోడు పొద్దున ఏమీ తిన్నట్టు లేదు, ఆ అద్దాల పాపకు మొగునితో పడుతున్నట్టు లేదు. హిమజ పడీపడీ నవ్వేది. ఆ స్టూలు జేజికి సింహాసనం కింద లెక్క.

ఆ ఏడాది పీర్ల పండుగకు పీర్లు మా వీధిలోకి వచ్చాయి. మా ఎదురింటి ఖాదర్‌బీ పిన్ని ప్రతి ఏడూ పీర్ల చావిడిలో ఫాతిహా చదివించిన షర్బత్తు మా ఇంటికి తెచ్చిస్తుంది. బెల్లం, యాలకులు, మిరియాలు వేసిన షర్బత్తు. చదివించింది కాబట్టి అది మాకు ప్రసాదమే. కింద పెట్టకూడదు, పారబోయకూడదు. ఆ రోజు కూడా వాకిట్లోనే తలా ఒక గ్లాసు చేతికిచ్చింది. డప్పులు దగ్గర పడుతుంటే హిమజ ల్యాప్‌టాప్ తెరిచే వదిలేసి బయటికి పరిగెత్తింది.

నేను సగం తాగిన గ్లాసుతో లోపలికి వెళ్లాను. పీర్లను వీడియో తీద్దామని. నా ఫోను ఆ టేబుల్ మీదే చార్జింగులో ఉంది. గ్లాసు నేల మీద పెట్టకూడదు కదా. పెట్టలేదు. భక్తిగా తీసుకుపోయి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాను. ఫోను లాగాను. వైరు గ్లాసుకు అడ్డంగా ఉందని చూసుకోలేదు.

షర్బత్తంతా అక్షరాల మీద పడింది.

కొంగుతో తుడిచాను. తుడిచేకొద్దీ మీటల సందుల్లోకి ఇంకుతోంది. తెర మీద ఒకే అక్షరం తనంతట తానే వరసగా పరిగెడుతోంది. నేను ఏ మీటా నొక్కడం లేదు, అయినా అది ఆగడం లేదు. ఆ క్షణంలో నేనేం చేయాలి? కరెంటు వైరు పీకి, దాన్ని బోర్లించి, హిమజను కేకేయాలి. ఇది తెలియనంత చదువులేనిదాన్ని కాదు. వైరు మీద చేయి కూడా వేశాను. అప్పుడు మా అత్త పాత మాట చెవిలో మోగింది, చేతులు అరువు తెచ్చినారని. వైరు పీకితే ఎవరో ముట్టుకున్నట్టు తెలిసిపోతుంది. చేయి తీసేశాను. టేబుల్ తుడిచి, గ్లాసు కడిగి బోర్లించి, కొంగు తడి కనబడకుండా దోపుకుని, వీధిలోకి వెళ్లి హిమజ పక్కనే నిలబడ్డాను. పీర్లకు దండం కూడా పెట్టుకున్నాను. ఏమని మొక్కుకున్నానో ఇప్పుడు మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మేము లోపలికి వచ్చేసరికి జేజి స్టూలు మీద కూర్చుని ఉంది. హిమజ వస్తుంది, మీటింగు మొదలవుతుంది అని ముందే వచ్చి కూర్చుంది. చేతిలో షర్బత్తు గ్లాసు, గుక్కగుక్కగా తాగుతోంది. ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంది.

హిమజ మీటల మీద చేయి పెట్టింది. వేళ్లు అంటుకున్నాయి.

"జేజీ, దీని మీద షర్బత్తు పోసినావా?"

జేజికి ముందు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ వైపు చూసింది. గ్లాసు వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. ఆ చూపు నేను గుమ్మంలో నిలబడి చూశాను.

"పోసినానా? నాకు తెలీలేదే పాపా. పోసింటాలే. నా చేతులు నా మాట యాడ వింటాండాయి?"

హిమజ ఆమెను వాటేసుకుంది. "పోనీలే జేజీ. మిషనే కదా. నీకంటే ఎక్కువనా?"

అప్పుడు నేను నోరు తెరిచి ఉండాల్సింది. ఎందుకు తెరవలేదు? భయమే అనుకున్నాను చాలాకాలం. భయమొక్కటే కాదు. ఎవరూ జేజిని తిట్టలేదు, అదీ సంగతి. మా అత్త కూడా ఒక్క మాట అనలేదు. ఆమె మీద పడితే ఎవరికీ నొప్పి లేదు, నా మీద పడితే ఏడాది పొడుగునా వినాలి. ఎంత తేలికగా లెక్క వేసుకున్నానో చూడండి.

ఆ తర్వాతంతా ఒక తిరునాళ్లే. పండుగకని ఇంట్లో బొరుగులు, అదే మరమరాలు, బస్తాడు ఉన్నాయి. గాలి తగిలితే చాలు మెత్తబడతాయి కాబట్టి బొరుగులు తడి బాగా లాగుతాయని మా అత్త తీర్మానించింది. పెద్ద బానలో బొరుగులు పోసి ల్యాప్‌టాప్‌ను అందులో పూడ్చిపెట్టారు. తెల్లారేసరికి బాన నిండా చీమలు. బెల్లం వాసనకు వీధిలో చీమలన్నీ వచ్చాయి. మీటల సందుల్లో ఇరుక్కున్న బొరుగుల ముక్కల్ని నేనే పిన్నీసుతో ఒక్కొక్కటీ తీశాను. "వదిన ఎంత కష్టపడుతాందో" అని హిమజ అందరికీ చెప్పింది. ఆ మెప్పు కూడా తీసుకున్నాను నేను. ప్రొద్దుటూరు తీసుకుపోయి చూపించారు. పడిన వెంటనే కరెంటు తీసేసి ఉంటే ఆశ ఉండేదట, తీపి నీళ్లతో ఆన్‌లోనే ఉండిపోయింది కాబట్టి లోపల కాలిపోయిందట. హిమజ వచ్చి ఆ మాట చెబుతుంటే జేజి వినింది. "నాకు ఆ వైరు పీకాలని తెలీలేదు పాపా" అంది. అది కూడా తన ఖాతాలోనే వేసుకుంది.

కంపెనీ ఇంకొకటి పంపింది. హిమజ మర్చిపోయింది. అందరూ మర్చిపోయారు. జేజి మర్చిపోలేదు.

కొత్త ల్యాప్‌టాప్ వచ్చిన రోజు హిమజ స్టూలు వేసి పిలిచింది. జేజి గడప దాటి రాలేదు. "ఈడికే కనపడతాందిలే" అంది. కనపడదు. ఆమెకు అంత చూపు లేదు. కొన్నాళ్లకు మజ్జిగ గరిటె కూడా వదిలేసింది. ఎవరూ వద్దనలేదు. తనే గిన్నె మా అత్త వైపు జరిపి, "నువ్వే పొయ్యి" అంది. మా అత్త మంచి మనసుతోనే మూత ఉన్న ప్లాస్టిక్ కప్పు ఒకటి కొనుక్కొచ్చింది. సగం నింపి ఇచ్చేవాళ్లం. ఎంత ప్రేమగా ఇచ్చేవాళ్లమో! ఒక మనిషిని తిట్టకుండా, కొట్టకుండా, ఇంత ప్రేమతో చేతకానిదాన్ని చేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇదంతా కూడా మోసుకుని బతికేదాన్నేమో. మా పాప పుట్టింది.

పులివెందుల్లో మా పుట్టింటికి జేజి కారులో వచ్చింది, అంత దూరం, ఆ నడుముతో. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ కాళ్లు చాపుకుని కూర్చుని నీళ్లు పోసింది ఆమే. నా భర్తకు పోసింది, హిమజకు పోసింది. పాపను తెచ్చి ఒడిలో పెట్టబోయాను. జేజి చేతులు రెండూ చీర చెంగులో దాచుకుంది.

"వద్దమ్మీ. ఆ మిషను సంగతి తెలుసు కదా. ఇది మిషను కాదు. నా చేతుల్ని నేనే నమ్మను."

వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, పాప పాదాలకు ముద్దు పెట్టుకుంది. బాలింతను, నాకు ఏడుపు ఆగలేదు. అందరూ నీరసమనుకున్నారు.

అప్పుడు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఇంత ఆలస్యం ఎందుకైందో దానికి కూడా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుందని చెప్పలేదు. తప్పు చిన్నదే, దాచిన కాలమే దాన్ని పెంచింది. పెరిగేకొద్దీ ఇంకా దాచాను.

మొన్న చెప్పాను. పాప నడుస్తోంది ఇప్పుడు. జేజి దాన్ని ఇంతవరకూ ఎత్తుకోలేదు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె తలకు నూనె రాస్తూ, ముఖం చూడాల్సిన పని లేదు కాబట్టి, వెనక నుంచే మొత్తం చెప్పేశాను. గ్లాసు, ఫోను, వైరు, కొంగు, పీర్లకు పెట్టిన దండం. ఏదీ వదలలేదు.

జేజి వెనక్కి తిరిగి నా గడ్డం పట్టుకుంది.

"ఎంత మంచిదానివమ్మీ నువ్వు. ముసల్ది బాధపడతాందని నీ నెత్తిన వేసుకుంటాండావు."

"కాదు జేజీ, నిజంగానే నేనే."

"నాకు తెలీదా? గ్లాసు నా చేతిలోనే ఉండె కదా. ఈ మాట హిమజతో అనబాకు. అది నిజమనుకుంటాది. మీ అత్త నోటికి చిక్కితే నువ్వు తట్టుకోలేవు. అనను అని చెప్పు."

నా చేయి తీసి తన చేతిలో వేసుకుంది. నేను "అనను" అన్నాను.

చూశారా? ఎవరి మీద వేశానో ఆమే నాకు అడ్డం నిలబడింది. తిట్టి ఉంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్ని. నమ్మి బాధపడి ఉంటే ఆ బాధ చూసి భరించేదాన్ని. ఆమె నన్ను ఇంకా ఎక్కువ ప్రేమించడం మొదలుపెట్టింది. ఇప్పుడు వాకిట్లో కూర్చున్న వాళ్లందరితో మనవడి పెండ్లాం బంగారమని చెబుతోందట. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ మాట నిలబెట్టుకోవడం నాకు ఎంత సుఖంగా ఉందో కూడా తెలుసు. ఆ సుఖం చూస్తేనే నా మీద నాకు భయం వేస్తోంది. హిమజకు చెబుతానా? చెప్పాలి. రేపా, ఎల్లుండా, నా నోటి మీద నాకు నమ్మకం లేదు కాబట్టి మీ ముందు ఒట్టు పెట్టను.

మీరు క్షమించాల్సిన పని లేదు. అది మీ చేతిలో లేదు, జేజి చేతిలో కూడా లేకుండా పోయింది. ఒక్కటి మాత్రం చేయండి, నన్ను నమ్మండి. నేను చెప్పింది నిజమని నమ్మే మనిషి నాకు ఒక్కరైనా కావాలి. ఇది రాస్తుంటే ఆ బరువు ఇన్నాళ్లకు కాస్త పక్కకు జరిగింది.

ల్యాప్‌టాప్ మీద షర్బత్తు పోసింది నేను. జేజి తన గ్లాసు చివరిదాకా తాగింది. ఆ రోజు ఆమె చేతిలోంచి ఒక్క చుక్క కూడా కింద పడలేదు.