మదీనా చౌరస్తాలో నిలబడ్డ అండాలవ్వ

2015 డిసెంబరులో నేను నల్లగొండ జిల్లాలో చేనేత శాఖ డెవలప్‌మెంట్ ఆఫీసర్‌ని. రామన్నపేట, చిట్యాల వైపు సంఘాలు నా పరిధిలో ఉండేవి. ఆ నెలలో ఒకరోజు, హైదరాబాదు పాతబస్తీలో నేను నిలబడమన్న చోటే నిలబడ్డ మనిషిని 'తప్పిపోయింది' అని సర్కారు కాగితం మీద రాశాను. నిజానికి ఆ చోటు వదిలి వెళ్లింది నేను.

మా శాఖలో ఎక్స్‌పోజర్ విజిట్ అని ఒక పద్ధతి ఉంది. నేసేవాళ్లను పెద్ద బజారుకు తీసుకుపోయి, తమ రకం అక్కడ ఎట్లా అమ్ముతున్నారో, దానికి పోటీగా ఏం వస్తున్నదో చూపించాలి. తిరిగొచ్చాక ఆఫీసరు టూర్ రిపోర్టు పెట్టాలి. తర్వాతి డిజైన్ శిక్షణకు మనుషులను ఎంచేటప్పుడు పై అధికారి, అంటే అసిస్టెంట్ డైరెక్టరు, ఆ రిపోర్టే చూస్తారు.

ఆ ఏడాది శిక్షణ జాబితాలో అండాలవ్వ పేరు మొదట ఉంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చిటికి కట్టడంలో, అంటే రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి కట్టడంలో, వాళ్ల చేనేత సంఘంలో ఆమెను మించినవాళ్లు లేరు. శిక్షణ పూర్తయితే ఊళ్లో పదిమందికి నేర్పే పని ఆమెకు వస్తుంది. చూపు తగ్గి భర్త మగ్గం దిగాడు. ఇక ఆ పనే ఇంటికి ఆధారమని ఆమె ఎదురుచూస్తున్నది.

ఆ విజిట్ రోజు బస్సు నయాపూల్ వంతెన దాటగానే నాకు ఆందోళన మొదలైంది. వెంట ఇరవై మంది ఆడవాళ్లు. ఏం జరిగినా జవాబు చెప్పుకోవాల్సింది నేనే. జేబుదొంగల భయంతో అందరి ఫోన్లూ నా సంచిలో వేయించాను.

"గీ డబ్బా ఫోన్లు ఎవడు ఎత్కపోతడు సారూ" అని అండాలవ్వ కోడలు సుగుణ నవ్వింది.

"ఇచ్చెయ్యరాదే. మన మీద సారుకు గంత నమ్మకం" అన్నది అండాలవ్వ. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు.

మదీనా చౌరస్తాలో ఒక అత్తరు దుకాణం చూపించి, ఐదింటికి అందరూ దాని ముందుకే రావాలని, వచ్చాక అడుగు కదలొద్దని చెప్పాను.

ఆ తర్వాత పత్తర్‌గట్టి రాతి కమానుల కింద బట్టల దుకాణాలు, చార్మినార్ దాటితే లాడ్ బజార్ గాజులు. ఏ దుకాణంలో ఏం ఉందో నాకు గుర్తులేదు. ఆ తోపులాటలో, హారన్ల మోతలో మావాళ్ల తలలు కనబడుతున్నాయా లేదా అన్నదే నా చూపంతా.

ఐదుకు పది నిమిషాలుండగా డ్రైవరు ఫోన్ చేశాడు. పోలీసులు బస్సును ఆగనివ్వడం లేదు, అఫ్జల్‌గంజ్‌కు పోతున్నానన్నాడు. నేను కంగారుపడి, అత్తరు దుకాణం ముందు చేరినవాళ్లను వెంటబెట్టుకుని వంతెన దాటించాను. కదిలే ముందు జాబితా తీసి పేరుపేరునా పిలవాలన్నది నిబంధన. నేను పిలవలేదు.

బస్సెక్కాక సుగుణ లేచి నిలబడింది. "సారూ, మా అత్త లేదు."

అండాలవ్వ నంబరుకు ఫోన్ చేశాను. అది నా సంచిలోనే మోగింది.

సుగుణను తీసుకుని వెనక్కి ఉరికాను. ముసలామె గాజుల దగ్గర ఆగిపోయి ఉంటుందనుకుని లాడ్ బజార్ రెండు చివరలా వెతికాను. చార్మినార్ చుట్టూ తిరిగాను. పోలీసులకు చెప్పాను. చీకటి పడింది. ఈమెకు ఏమైనా అయితే భర్త ముఖం ఎట్లా చూడాలి అనుకున్నాను. "మదీనా కాడ జూద్దాం సారూ, మా అత్త గాడ్నే ఉంటది" అని సుగుణ రెండుసార్లు అన్నది. ఇంతసేపు అక్కడెందుకు ఉంటుందని నేను కొట్టిపారేశాను.

ఏడు దాటాక, ఇక దారి లేక అటు పోయాం. అండాలవ్వ అత్తరు దుకాణం ముందే నిలబడి ఉంది. దుకాణం ఆయన వేసిన స్టూలు పక్కనే ఖాళీగా ఉంది. కూర్చుంటే గుంపులో కనబడనని కూర్చోలేదట.

"ఐదుకు జరంత ఎనకనే వచ్చిన. కదలొద్దంటిరి గద సారూ" అన్నది.

బస్సు దాకా తిట్టుకుంటూనే నడిచాను. బస్సెక్కాక కూడా అందరి ముందు, బుద్ధి లేదా అని అరిచాను. ఆమె కొంగు పట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

రిపోర్టులో, సభ్యురాలు సమయపాలన పాటించక తప్పిపోయిందని రాశాను. బస్సు మారిన సంగతి, ఫోన్ల సంగతి రాయలేదు. శిక్షణ జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు.

నెల తర్వాత సుగుణ ఆఫీసుకొచ్చి చిన్న గుడ్డముక్క ఒకటి నా బల్ల మీద పెట్టింది. వాళ్ల సంఘం డిజైనే. తిరగేసి చూశాను. వెనకవైపు రంగు వెలిసినట్టుంది. చిటికి కట్టి నేసిన బట్టకు రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది. ఇది అచ్చు వేసిన నకలు. ఆ రోజు అండాలవ్వ పత్తర్‌గట్టిలో చీరలన్నీ తిరగేసి చూసి, దుకాణం ఆయనను బతిమాలి ముక్క కోయించుకుందట. ఆలస్యం అందుకే.

"మీకే ఇద్దామని కొంగుకు ముడేసుకున్నది. మీరు ఒర్రంగనే ముడి ఇప్పలే" అన్నది సుగుణ.

మేము ఏ పని మీద పోయామో ఆ పని చేసింది ఆమె ఒక్కతే.

ఆ వారమే రెండో రిపోర్టు రాసి, గుడ్డముక్క జతచేసి పంపాను. నాకు మెమో వచ్చింది, అంటే రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. కానీ శిక్షణ అప్పటికే మొదలైంది. తర్వాతి బ్యాచ్‌లో ఆమె పేరు చేర్చడానికి అసిస్టెంట్ డైరెక్టరు ఒప్పుకున్నారు.

సంఘం గదిలో ఆ ఇరవై మందినీ కూర్చోబెట్టి రెండు రిపోర్టులూ చదివాను. మొదటిది అబద్ధమని చెప్పాను. అండాలవ్వ చిటికి కడుతూనే విన్నది.

"మల్ల బ్యాచ్ ఎప్పుడు సారూ?"

ఆరు నెలలకన్నాను.

"అయితే గప్పటిదాక మీరు గీడికెళ్లి కదలకుండ్రి" అన్నది. ఈసారి ఆమె ఒక్కతే నవ్వలేదు.

ఆ ఆరు నెలల్లో నాకు వేరే జిల్లాకు బదిలీ అవకాశం వచ్చింది. వద్దని రాసిచ్చాను. ఆమె శిక్షణలో చేరిన రోజు హాజరుపట్టీలో సంతకం చేసేదాకా పక్కనే ఉన్నాను. రిటైరయ్యేదాకా మళ్లీ ఎవరి ఫోనూ నా సంచిలో వేయించుకోలేదు. కలుసుకునే చోటు చెప్పిన ప్రతిసారీ, అందరికన్నా ముందు పోయి అక్కడ నిలబడ్డాను.