కడిగేసిన పేడ

నాచారంలో ముసలివాళ్లు మా ఇంటిని ఇప్పటికీ పటేలుగారి ఇల్లనే అంటారు. ఆ పేరు కాక మిగిలింది నాలుగు గదులు, వెనక రేకుల కొట్టం, అందులో రెండు ఆవులు. చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లకు పాలు పోసి బతకడం నాకు నామోషీగానే ఉండేది. అందుకే కొట్టం ఎప్పుడూ అద్దంలా ఉండాలని పట్టుబట్టేవాణ్ణి.

పెద్దావు ఈని మూడు వారాలైంది. పాలు పెరగాలని మక్కపిండి దాణా ఒక్కసారిగా పెంచాను. నాలుగు రోజులకు అది మేత ముట్టకుండా నిలబడి పళ్లు కొరకడం మొదలుపెట్టింది. పాలు సగానికి పడిపోయాయి.

పిడకల కోసం మా పేడ తీసుకెళ్లే ఒకావిడ ఉండేది. ఆ పొద్దున ఆమె ఖాళీ తట్టతో వెనక్కి తిరిగింది.

"పటేలా, పెద్దావు పెండ నల్లగున్నది. తారు లెక్క అంటుకుంటున్నది, కంపు గొడ్తున్నది. నాకొద్దు. డాక్టర్‌కు సూపెట్టు."

మా ఇంటి పేడకు కూడా వంక పెట్టే రోజులొచ్చాయా అనుకున్నాను.

డాక్టర్‌కు అప్పటికే ఫోన్ చేశాను. ఉప్పల్ నుంచి బండి మీద వచ్చే చిన్న వయసు డాక్టరమ్మ. మా నాన్న ఉన్నప్పుడు అధికారి ఎవరొచ్చినా వాకిలి కడిగిన తర్వాతే లోపలికి పిలిచేవారు. నేనూ పైపు పట్టుకుని కొట్టమంతా కడిగాను. ఆవు తోకా, వెనక కాళ్లూ రుద్ది కడిగాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

ఆమె జ్వరం చూసింది, డొక్క మీద చెయ్యి వేసి చూసింది, మేత సంగతి అడిగింది. తర్వాత పేడ ఎలా వేస్తోందని అడిగింది.

"మామూలుగానే," అన్నాను.

పిడకలు చేసే మనిషి వద్దన్న పేడ గురించి ఆ పిల్ల ముందు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె నా మాట నమ్మింది. అజీర్ణమని మందులిచ్చి, దాణా తగ్గించమని చెప్పి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆవు లేవలేదు. చెవులు చల్లబడ్డాయి. డాక్టరమ్మ వచ్చి దాని కనురెప్ప ఎత్తి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆమె అక్కడే ఉండగా ఆవు పడుకునే పేడ వేసింది. నల్లటి జిగట. ఆమె గ్లవ్ మీదికి కొంచెం తీసుకుని నీళ్లు కలిపితే ఎర్ర రంగు విడిచింది. నాలుగో పొట్టలో పుండు పడిందనీ, నెత్తురు రోజుల తరబడి కారుతోందనీ చెప్పింది. నెత్తురు అరిగి బయటికొస్తే పేడ నల్లబడుతుందట.

రెండో ఆవు మెడ నుంచి నాలుగు లీటర్ల రక్తం సీసాల్లోకి తీసి దీనికి ఎక్కించింది. పుండుకు ఇంజెక్షన్లు ఇచ్చింది. దాణా పూర్తిగా మానేసి ఎండుగడ్డే వేయమంది. సాయంత్రం ఆవు లేచి రెండు పరకలు నమిలింది. నేను దాని మెడ నిమురుతూ నిలబడ్డాను. మూడో రోజు మధ్యాహ్నం అది పోయింది.

డాక్టరమ్మ వచ్చి దాని పక్కన చాలాసేపు కూర్చుంది.

"మొదటి రోజే లోపల చెయ్యి పెట్టి పేడ తీసి చూడాల్సింది సార్. ఇంత సాఫ్‌గా ఉన్న కొట్టం చూసి, మిమ్మల్ని అడిగి ఊరుకున్న. తప్పు నాది."

"పరవాలేదమ్మా," అన్నాను, ఆమెను క్షమిస్తున్నవాడిలా.

నిజం చెప్పాలని తర్వాత రెండుసార్లు ఉప్పల్ పశువుల ఆసుపత్రికి వెళ్లాను. మొదటిసారి ఆమె చుట్టూ జనం ఉన్నారు. వాళ్ల ముందు చెప్పలేక గేటు నుంచే తిరిగొచ్చాను. రెండోసారి వెళ్లేసరికి ఆమెకు బదిలీ అయింది. ఎక్కడికని అడిగితే ఆసుపత్రివాళ్లు చెప్పేవారే. నేను అడగలేదు.