శనిగ్రహం నుంచి కంకిపాడు దాకా

ఇరవై రెండేళ్ల వయసులో భూగోళాన్ని బూడిద చేసే అధికారం చేతికొస్తే పొగరెక్కకుండా ఎవరుంటారు? పంతొమ్మిది వందల డెబ్బైల్లో నాకా అధికారం వచ్చింది. బెజవాడలో ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. సీరియల్ రాసే పెద్దాయన ఎడిటరుగారితో పోట్లాడి వెళ్లిపోతే, ఆ పేజీలు నింపమని నన్ను కూర్చోబెట్టారు. నేను శనిగ్రహం దగ్గర ఒక తోకచుక్కను పుట్టించి నేరుగా భూమి మీదికి తోలాను. (నాకు సైన్సు రాదు. ఎడిటరుగారికీ రాదు కనక ఆ సంగతి బయటపడలేదు.) ఆరో వారానికి జనమంతా కొండపల్లి కొండెక్కి ఏడుస్తున్నారు. పత్రిక బాగా అమ్ముడుపోతోంది. "తొందరపడి చంపెయ్యకు, ఇంకో నాలుగు వారాలు ఏడిపించు," అన్నారు ఎడిటరుగారు.

అప్పుడే కంకిపాడు నుంచి ఒక పెద్దావిడ ఆఫీసుకొచ్చింది. రచయితని నేనేనంటే ఒక పట్టాన నమ్మలేదు. "మీ కథ మొదలైన కాణ్ణించి మా కోడలు అన్నం ముందు కూర్చున్నా ఆలోచనేనండి. పెరట్లో నిలబడి ఆకాశంకేసి చూస్తా ఉంటది. పాస్టరుగారితో ప్రార్థన చేయించినా తగ్గలేదు. మీరొచ్చి అదంతా ఉత్తిదేనని చెప్పాలి బాబూ," అంది. నా రాతకి ఒక మనిషి బెంగ పెట్టుకుందని లోపల పొంగిపోతూ, పైకి దిగులు మొహం పెట్టుకుని, ఆదివారం బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను.

కోడలికి నా వయసే ఉంటుంది. "భయపడకండమ్మా, అదంతా కల్పన," అని మొదలుపెట్టాను.

"భయం కాదండీ, కోపం," అంది. బీయస్సీ రెండో ఏడులో పెళ్లి చేసి చదువు మాన్పించారట. కాలేజీ నాటి నోటుబుక్కు తెచ్చి నా ముందు తెరిచింది. "శని దగ్గర్నించి ఆరు వారాల్లో ఎలా వచ్చేసిందండీ? నా లెక్కకి రెండేళ్లు పట్టాలి. అంత ముందే కనిపెట్టినవాళ్లు కొండెక్కి ఏడవడమేంటి? అప్పుడే రాకెట్టుతో కాస్త పక్కకి నెడితే, ఇక్కడికొచ్చేసరికి ఆ కాస్తే లక్షల మైళ్లవుద్ది. భూమి బతుకుద్ది."

"ఏమంటందండీ?" అని అత్తగారు గుమ్మంలోంచి అడిగింది.

"ఏం లేదండి, తగ్గిపోతుంది," అన్నాను.

నోటుబుక్కు ఎడిటరుగారికి చూపిస్తానని పట్టుకొచ్చాను. నిజంగానే చూపించాను. "భూమి బతికితే ఇంకో సీరియల్ రాసుకోవచ్చు. ఆ అమ్మాయి పేరెందుకులే, నీ పేరుతోనే కానియ్," అన్నారు. కానిచ్చాను. ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. మంగళగిరిలో ఒక సైన్సు మాస్టారు నన్ను మేధావి అని పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

తర్వాత కంకిపాడు నుంచి కార్డు వచ్చింది. "ముగింపు చదివాను. నా లెక్క మొత్తం ఎక్కించారు, ఒకచోట సున్నా వదిలేశారు. నోటుబుక్కు పంపగలరు." అంతే. రిజిస్టరు పోస్టులో పంపాను. లోపల పెట్టడానికి క్షమాపణ ఉత్తరం మూడుసార్లు రాశాను. మూడుసార్లూ నా ఇబ్బందులే రాసుకుని చించేశాను.

ఈమధ్య అంతరిక్షంలో ఒక బండను నిజంగానే పక్కకి నెట్టారని పేపర్లో పడింది. "తాతయ్యా, ఇది నువ్వెప్పుడో రాశావంట కదా," అంది మనవరాలు.

"నేను కాదమ్మా, కంకిపాడులో ఒకావిడ."

"ఆవిడ పేరేంటి?"

చెప్పాను. గుండ్రటి అక్షరాలతో ఆ నోటుబుక్కు అట్ట మీద ఉండేది. నేను ముగింపు రాసినన్నాళ్లూ నా బల్ల మీదే, నా కళ్లెదురుగానే ఉంది. అప్పుడు కనబడని పేరు ఇప్పుడెంత స్పష్టంగా గుర్తుందో తలుచుకుంటే, నా మీద నాకే నవ్వొచ్చింది.